హెడ్డు సార్ వంకర పద్మం

మొన్న మంగళవారం పొద్దున మా కాలనీ వాట్సాప్ గ్రూపులో "హెడ్డు సార్ పోయిండు" అని మెసేజ్ వచ్చింది. దండం పెట్టే బొమ్మలు ఇంకా మొదలు కాకముందే, ఊరికి పోయి ఉన్న రెండో వీధి ఇంటాయన దాని కింద "మరి మా తాళంచెవి?" అని రాశాడు. నాకు ఒళ్లు మండింది. ప్రాణం పోయిన మనిషిని తాళంచెవి అడుగుతారా అని నాలుగు మాటలు టైపు చేశాను కూడా. పంపబోతుంటే గుర్తొచ్చింది, మా ఇంటి రెండో తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉందని. రాసింది చెరిపేసి, చెప్పులేసుకుని ఎదురుగా ఉన్న ఆయన ఇంటికి పోయాను.

ఆ పొద్దున కూడా ఆయన రెండో వీధికి పోయి ఆ తాళం వేసిన ఇంటి వాకిలి ఊడ్చి, ముగ్గేసి వచ్చాడట. కుర్చీలో కూర్చుని టీ అడిగాడట. పెద్దమ్మ, అంటే వాళ్లావిడ, టీ తెచ్చేలోపే పోయాడట. ముగ్గేమిటి, హెడ్డు సారేమిటి అనుకునేవాళ్లకు చెప్పాలి. చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆయన అసలు పేరు మా వీధిలో చాలామందికి తెలియదు. పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులుగా పనిచేసి రిటైరై, సూర్యాపేట బైపాస్ వెనక మా కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. నిన్నమొన్నటిదాకా అక్కడ వరిచేలు ఉండేవి. ఇప్పుడు మోతె నుంచి వచ్చినవాళ్లు, మేళ్లచెరువు సిమెంటు లారీలు నడిపేవాళ్లు, మిర్యాలగూడ మిల్లుల్లో గుమాస్తాలు, నాలాంటి బడిపంతులమ్మలు, ఒకరికొకరు తెలియకుండానే గోడలు ఆనించి ఇళ్లు కట్టేసుకున్నారు. పక్కింట్లో ఎవరుంటున్నారో తెలుసుకోవాలంటే హెడ్డు సార్‌నే అడగాలి. కొత్తగా కిరాయికి దిగినవాళ్లకు ఆయనే మొదటి టీ తాగించి, గ్లాసు కింద పెట్టేలోపు ఊరు, పని, అత్తగారి ఊరు రాబట్టేవాడు. ఒకసారి కూరగాయల బండి మనిషిని ఆధార్ కార్డు అడిగాడు. పాపం అతను టమాటాల కింద నుంచి తీసి చూపించాడు. సార్ రిటైరై నాలుగేళ్లయిందని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఊరికి పోయేవాళ్లు తాళంచెవి ఆయన చేతిలో పెట్టాలి. ఊరికే తీసుకునేవాడు కాదు. ఎక్కడికి, ఎందుకు, ఎన్నొద్దులు అని మూడు ప్రశ్నలు వేసి, జవాబులు చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. "ఊరికే పోతున్నం సార్" అంటే ఒప్పుకునేవాడు కాదు. గుడికి పోయి ఫోన్లో ఫోటోలు పెట్టినవాళ్లకు అక్కడికే ఫోన్ చేసి, దర్శనమైంది కదా, ఫోటోలు ఇంటికొచ్చినంక పెట్టుకోండి అని తిట్టేవాడు.

ఆయన సిద్ధాంతం ఒకటే. "దొంగ ముందుగాల తాళం సూడడు టీచరమ్మా. వాకిలి సూస్తడు" అనేవాడు. తెల్లవారి ముగ్గు లేని ఇంట్లో మనిషి లేనట్టే లెక్క. అందుకని తాళం వేసిన ఇళ్ల ముందు ముగ్గేయమని పెద్దమ్మను అడిగాడు. ముప్పై ఐదేళ్ల డ్యూటీ నువ్వు చేసి, రిటైరైనంక నన్ను చేయమంటావా అని ఆమె చీపురు ఆయన చేతికే ఇచ్చింది. ఇగ చూడాలి. రంగేసిన మీసం, గళ్ల లుంగీ, చేతిలో ముగ్గు డబ్బా. మోకాలు వంగదు కాబట్టి పీటేసుకుని కూర్చునేవాడు. వాళ్లమ్మ వేస్తుంటే చిన్నప్పుడు చూసిన ఎనిమిది రెక్కల పద్మం ఒక్కటే వచ్చు. పీట మీద నుంచి కుడి పక్కకు చెయ్యి అందక, కుడి రెక్క ఎప్పుడూ వంకరపోయేది. ముగ్గయ్యాక సంచిలోంచి ఒక జత పాత చెప్పులు తీసి గడప ముందు విడిచేవాడు. వాటి ముక్కులు ఇంటి దిక్కే ఉండాలి. బయటి దిక్కు ఉంటే మనిషి పోతున్నట్టు, ఇంటి దిక్కు ఉంటే లోపల ఉన్నట్టు అని నాకు పాఠం చెప్పాడు. నేను కూడా పిల్లలకు ఎప్పుడూ అంత శ్రద్ధగా పాఠం చెప్పినట్టు లేదు.

ఈ శ్రద్ధే ఒకసారి తంటా తెచ్చింది. మూడో వీధి ఇంటాయన తండ్రి పోతే ఇల్లంతా తాళమేసి వాళ్ల ఊరికి పోయారు. ఐదోనాడు బట్టల కోసం వచ్చి చూస్తే వాకిట్లో పద్మం విచ్చుకుని ఉంది. చావు జరిగిన ఇంటికి పదకొండు రోజులు ముగ్గుండదని చిన్నపిల్లలకూ తెలుసు. ఆయన రోడ్డు మీద నిలబడి ఊగిపోయాడు. మూలింటి ముసలమ్మ, ఆమె మా కాలనీ ఆచారాలన్నిటికీ పెద్దదిక్కు, ఆయనకు వంత పాడింది. హెడ్డు సార్ అంతా విని నెమ్మదిగా అన్నాడు.

"మైల మీకు బిడ్డా. దొంగకు మైల లేదు."

ఇంటాయన లోపలికి పోయి బీరువా చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. బట్టలు తీసుకుని పోయాడు. ముసలమ్మ మాత్రం అప్పటినుంచి సార్‌తో మాట్లాడలేదు.

తర్వాతి వంతు మాది. మిర్యాలగూడలో మా పిన్ని కూతురి పెళ్లికి రెండు రోజులు పోయి వచ్చేసరికి తలుపు పగిలి ఉంది. వాకిట్లో పద్మం ఉంది, గడప ముందు చెప్పులున్నాయి, ఇంట్లో మిక్సీ, కొత్త కుక్కరు, మా అమ్మ వెండి పట్టీలు లేవు. చందాలు వేసుకుని పెట్టించుకున్న కెమెరాను కోతి ఎప్పుడో పైకి తిప్పింది. ఆ రెండు రోజులూ అది మబ్బులను కాపలా కాసింది.

వారానికి దొంగ కోదాడ బస్టాండులో కుక్కరుతో సహా దొరికాడు. ఏ ఇంట్లో ఎట్లా దూరాడో చూపించడానికి పోలీసులు అతన్ని మా కాలనీకి తెచ్చారు. కాలనీ అంతా గుమిగూడింది. ఈ ఇల్లే ఎందుకు ఎంచుకున్నావని అడిగితే అతను తడుముకోకుండా చెప్పాడు.

"గీ ముగ్గున్న ఇండ్లల్ల ఎవ్వలుండరు సార్. అన్నిటికి కుడి రెక్క వంకరుంటది. వారం దినాలు సూసిన."

ముందు పోలీసులు నవ్వారు. తర్వాత కాలనీ నవ్వింది. హెడ్డు సార్ నవ్వలేదు. ఆయన మొహం చూసి నేను ఊరుకోవలసింది. అమ్మ పట్టీల బాధలో ఉన్నాను, నోరు జారాను.

"మీరు ముగ్గు ఏయకుంటెనే మంచిగుండు హెడ్డు సార్" అన్నాను.

ఆ సాయంత్రమే ఆయన ఇంటింటికీ తిరిగి తాళంచెవులు ఎవరివి వాళ్లకు ఇచ్చేశాడు. మాది నా చేతిలో పెట్టి పోయాడు. తర్వాత చాలా రోజులు కుర్చీలో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేవాడు. కూరగాయల బండి మనిషి తనే ఆగి ఏమైనా అడుగుతాడేమోనని చూసేవాడు. సార్ ఏమీ అడిగేవాడు కాదు. పట్టీలు కోర్టు నుంచి తిరిగొచ్చాయి గానీ నాకు వాటిని చూస్తే సంతోషం కలగలేదు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి సార్ మా అరుగు మీద ఉన్నాడు. చేతిలో కొత్త నోటుబుక్కు, పెన్సిలు.

"దొంగకు అంతుపట్టని ముగ్గులు నేర్పు టీచరమ్మా. ఒక్కటి గాదు, శానా కావాలె" అన్నాడు.

నేర్పాను. అంత మొండి విద్యార్థి నాకు ఇంతవరకూ తగల్లేదు. చుక్కలు పెట్టమంటే పరేడ్ మైదానంలో జవాన్లలా బారుగా పెట్టేవాడు, మెలికల దగ్గరికొచ్చేసరికి దారి తప్పి నన్నే అనుమానంగా చూసేవాడు. మూలింటి ముసలమ్మ గోడ మీద నుంచి చూసి చూసి ఆగలేక, మౌనం మానేసి వచ్చి చుక్కలు దిద్దింది. వంకర రెక్కకు మందు కూడా ఆమే చెప్పింది. పీటను ముగ్గు చుట్టూ జరుపుకోవాలట. ఇన్నేళ్లూ ఆయనకు తట్టలేదు.

అయినా తాళంచెవి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మా తమ్ముడి భార్య కాన్పుకని నేను వారం రోజులు కోదాడ పోవలసి వచ్చింది. సంచి భుజాన వేసుకుని ఎదురింటికి పోతుంటే కాలనీ కిటికీలన్నీ నన్నే చూస్తున్నాయి. అడగకముందే చెప్పాను, కోదాడకు, కాన్పుకు, ఏడొద్దులు అని. సార్ తాళంచెవి తీసుకున్నాడు. నోటుబుక్కులో రాసుకునేసరికి కళ్లజోడు మసకబారి రెండుసార్లు తుడుచుకున్నాడు. వచ్చి చూస్తే ఇల్లు పదిలంగా ఉంది. ఏడు రోజులకు ఏడు ముగ్గులేశాడని, నాలుగోది తన పెద్దకోడలు వేసేదానికంటే నయమని ముసలమ్మ సాక్ష్యం చెప్పింది. ఆ నెలలోనే తాళంచెవులన్నీ ఒక్కొక్కటే ఆయన ఇంటికి తిరిగొచ్చాయి.

మంగళవారం సాయంత్రం సార్‌ను సొంతూరికి తీసుకుపోయారు. బండి ఎక్కబోతూ పెద్దమ్మ వెనక్కి వచ్చి ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టింది. నేనేమీ అడగలేదు. ఏడుస్తూనే ఆమె చెప్పింది.

"చిలుకూరు దిక్కు పోతున్నం బిడ్డా. సార్ కర్మలకు. పదకొండొద్దులు."

బుధవారం పొద్దున ముగ్గు డబ్బా పట్టుకుని ఆయన గేటు ముందు నిలబడ్డాను. మూలింటి ముసలమ్మ చూసింది. శవం లేచిన వాకిలి, ముగ్గేయడమేమిటని అడుగుతుందనుకున్నాను. ఆమె "దొంగకు మైల లేదంటుండెగద" అని, పీట తెచ్చి నా ముందర వేసింది.

నా చేతికి ఆ పద్మమే వచ్చింది. కుడి రెక్క వంకరగా వేశాను, అట్లాగే ఉంచాలనిపించింది. ఉంచితే ఆయన ఒప్పుకోడు. చెరిపేసి, పీట జరుపుకుంటూ మెలికల ముగ్గు వేశాను. తర్వాత తలుపు తీసి, కుర్చీ కింద ఉన్న ఆయన సొంత చెప్పులు తెచ్చి, తాళమేసి, గడప ముందు పెట్టాను. ముక్కులు ఇంటి దిక్కే పెట్టాను.