ఇంగువ వాసన

ఇది అప్పుడే రాయాలనుకున్నాను. కానీ నిరుడు మా కోడలు నేర్పేదాకా నాకు అక్షరాలు రావు.

కరోనా రోజుల్లో ఒక సాయంత్రం, ఉత్తరాదిలో మేముండే ఊళ్ళో, వైశాలి వైపు వెళ్ళే మెట్రోలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా ఫోను మాటలు విని, పక్కనున్న అమ్మాయి తెలుగులో పలకరించింది.

"ఆంటీ, సంచిలో ఇంగువ ఒలికినట్టుంది. రైలు పెట్టె అంతా పులిహోర వాసనే," అని నవ్వింది.

చూస్తే పొట్లం చిరిగి ఉంది. మాస్కు దించి పొట్లం ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"నాకేం వాసన తెలియట్లేదమ్మా."

ఆమె నవ్వు ఆగింది. "జ్వరం వచ్చిందా?"

"లేదు. మొన్న కాస్త గొంతు గరగరలాడింది, అంతే."

"నాకూ అంతే ఆంటీ. బానే ఉన్నాను కదా అని హాస్టల్ నుంచి ఇంటికెళ్ళాను. నాన్న పోయారు." రాబోయే స్టేషన్ పేరు చెప్పినంత మామూలుగా అంది. "మీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారా?"

"మా అత్తయ్య. ఆయాసం మనిషి."

నాకు వెంటనే భయం కూడా వేయలేదు. సంచి మూతి ముడివేసి కూర్చున్నాను. ఆమె లేచి దూరం జరగలేదు. చెయ్యి చాచి నా మాస్కు ముక్కు మీదికి లాగింది.

"టెస్టు చేయించుకోండి. ఠీక్ హై?" అని, తన స్టేషన్ రాగానే దిగిపోయింది.

మర్నాడు పొద్దున్న అత్తయ్య కాఫీ గ్లాసు ఆవిడ గది గడప దగ్గర పెట్టి, దూరంగా నిలబడ్డాను.

"ఏంటే, దగ్గరికి రావు? ఇవాళ మడి కట్టుకున్నావా?" అంది.

"అవునత్తయ్యా," అని చెప్పి, డిస్పెన్సరీ ముందు టెస్టుల వరసలో నిలబడడానికి వెళ్ళాను.