పచ్చచీర బొమ్మ

కట్టమ్మ ఎవరినీ నమ్మదు. పాలు పోసేవాడు నిలబడి ఉండగానే చెంబులో వేలు ముంచి చూస్తుంది. కూరగాయల బండి దగ్గర కాంటా ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తే గానీ వంకాయలు ఎక్కించనివ్వదు. జ్వరమొచ్చి కొడుకు శేఖర్ గోలీ తెచ్చిచ్చినా, పక్కింట్లో చూపించి వచ్చాకే మింగుతుంది. ఖిలా వరంగల్‌లో, మట్టికోట లోపలి ఆ వాడకట్టులో, ఆమెతో బేరమాడి గెలిచినవాళ్లు లేరు. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం కట్టమ్మను ఊరికే పట్టలేదు లెండి.

ఆమెది పరకాల దగ్గర ఒక పల్లె. కొడుకు ఇంకా చంకలో ఉండగానే భర్త ఎల్లస్వామి జ్వరంతో మంచాన పడ్డాడు. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది. దినవారాలైనా కాకముందే అత్త నలుగురి ముందు నిలబడి, ఈ కట్టమ్మే నా కొడుకుకు ఏదో చేయించింది అని నోరు పారేసుకుంది. అంతే, ఊళ్లో ఎవరూ ఆమె చేతి నీళ్లు ముట్టలేదు. నాట్లకు పిలిచేవాళ్లు కూడా లేకపోయేసరికి పిల్లవాణ్ణి ఎత్తుకుని వరంగల్ బస్సెక్కింది. ఇటుకలు మోసింది, మార్కెట్లో ఎండుమిర్చి ఏరింది, రెండు గదుల రేకుల ఇల్లు వేసుకుంది. అంత నింద మోసిన మనిషికి చేతబడి మీద నమ్మకమే పోవాలి కదా? పోలేదు. తను చేయలేదని తనకు తెలుసు. మరైతే ఇంకెవరో చేసే ఉంటారని జీవితమంతా అనుకుంటూ వచ్చింది. మనిషి బుద్ధి అంత వంకరది.

ఈ ఏడాది ఎండలు ముదరక ముందు సంగతి. తల దువ్వుకున్నాక రాలిన వెంట్రుకలను ఉండచుట్టి రేకు కింద గోడ సందులో దాచడం కట్టమ్మ అలవాటు. వెంట్రుకలు కొనేవాడు సైకిల్ మీద వస్తే అవి ఇచ్చి స్టీలు గిన్నె తీసుకుంటుంది. ఒక పొద్దున సందులో చెయ్యి పెడితే ఉండ లేదు. ఎలుకలు లాక్కుపోయి ఉంటాయని కోడలు దీప తేలిగ్గా అనేసింది. ఎలుకలకు వెంట్రుకలతో పనేముంది? కట్టమ్మ గుండెలో రాయి పడింది.

వారం తిరగకముందే దండెం మీది పాత పచ్చచీర కొంగులో ఒక ముక్క మాయమైంది. చిరిగిపోలేదు, కత్తెరతో శుభ్రంగా కోశారు. ఆ తర్వాత మూలకు పడేసిన తెగిన చెప్పు కనబడలేదు. తల వెంట్రుకలు, కట్టిన బట్ట, తొడిగిన చెప్పు. ఇవన్నీ ఒక్క చేతికి చేరితే ఏమవుతుందో ఆమె పుట్టిన పల్లెలో చిన్నపిల్లలు కూడా చెప్తారు.

ఇంట్లో ఉండేదెవరు? శేఖర్ కన్నకొడుకు. మనవరాలు అనూష మూడో తరగతి చదివే పసిది. మిగిలింది దీప ఒక్కతే. దీప ఒక దవాఖానలో ఆయా పని చేసి సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. ఈమధ్య వచ్చీ రాగానే తల్లీకూతుళ్లు తలుపు దగ్గరకేసుకుని గుసగుసలు మొదలుపెట్టారు. కట్టమ్మ లోపలికి అడుగు పెడితే చప్పుడు బంద్. ఏం మాట్లాడుకుంటున్నారని అడిగితే ఇద్దరూ మొహామొహాలు చూసుకుని నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే కట్టమ్మకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టుండేది. కొడుకుతో చెప్పుకుంటే, ఉన్నవీ లేనివీ ఫికర్ చేయకని విసుక్కున్నాడు.

అప్పటి నుంచి దీప వండిన కూరను శేఖర్ తిన్నాకే ముట్టేది. వాడు రావడం ఆలస్యమైతే పస్తే. అలా తినీ తినకా ఉండేసరికి కళ్లు తిరిగాయి. కడుపు మాడ్చుకుంటే తిరగవా మరి! ఆమె మాత్రం, కోడలు చేయించింది పనిచేయడం మొదలైందనుకుంది.

ఇక ఆగలేకపోయింది. దీప డ్యూటీకి, పిల్ల బడికి వెళ్లగానే ఇల్లంతా గాలించింది. బియ్యం డబ్బా వెనకాల ఒక కవరు దొరికింది. అందులో జానెడు గుడ్డబొమ్మ. తల మీద తన నెరిసిన వెంట్రుకలు, ఒంటికి తన పచ్చచీర, కాళ్లకు తన చెప్పు తోలు. గుండెల దగ్గర సూది గుచ్చి ఉంది.

కట్టమ్మకు భయంతో పాటు ఎప్పటిదో కోపం కూడా పొంగుకొచ్చింది. బొమ్మను చీపురుతో బయటకు ఊడ్చి, నీళ్లు కాచే పొయ్యిలో వేసి, దోసెడు ఎండుమిర్చి, గల్లుప్పు పోసి అంటించింది. వాడకట్టంతా దగ్గుతూ బయటికొచ్చింది. దిష్టి ఉంటే మిర్చి ఘాటు తగలదంటారు కదా, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా కట్టమ్మ తనకు ఘాటే లేదని అందరికీ చెప్పింది. దీప వచ్చేదాకా గడప దిగలేదు.

సాయంత్రం దీప బడి దగ్గర ఆగి అనూషను వెంటబెట్టుకుని వచ్చింది. వాడకట్టు మళ్లీ గుమిగూడింది.

"నా ఎంటికలు తీసినవ్, నా చీర కోసినవ్, గుండెల సూది గుచ్చినవ్. నీకు నేనేం పాపం చేసిన్నే?" అంది కట్టమ్మ.

అనూష పొయ్యిలో సగం కాలిన బొమ్మను చూసి గొల్లున ఏడ్చింది. దీప ఏడవలేదు. పిల్లను దగ్గరికి తీసుకుని మెల్లగా చెప్పింది. బడిలో వినోద టీచర్ పిల్లలకు బొమ్మల పని పెట్టింది. ఇంట్లో ఎవరంటే ఎక్కువ ఇష్టమో వాళ్ల బొమ్మ చేయాలి. దుకాణంలో ఏమీ కొనకూడదు, ఆ మనిషి వాడిన వస్తువులతోనే చేయాలి. ఎగ్జిబిషన్ రోజున ఆ మనిషిని బడికి తీసుకెళ్లి, నీ బొమ్మ ఏదో గుర్తుపట్టు అనాలి. అప్పటిదాకా చెప్పొద్దు. రవిక కుట్టడం సగంలో ఆగింది, సూది పోకుండా దానికే గుచ్చి పెట్టారు. గుంపులోని ఒకావిడ కూడా, మా పిల్లగాడు వాళ్ల తాతను చేస్తున్నాడు, చుట్ట కూడా పెట్టాడు అంది.

"మీ అత్త నిన్నన్న మాట చెప్పుకుంట ఎన్నిసార్లు ఏడ్చినవ్ అత్తమ్మా," అంది దీప. "గదే మాట ఇయ్యాల నా మీద ఏస్తానవ్."

తెల్లారి దీప పక్కింటికి పచ్చడి పంపిస్తే, మా ఇంట్లో ఉందిలే అని వాళ్లు తిప్పి పంపారు. నిజం విన్నవాళ్లే! ఒకసారి పడ్డ మాట అట్లా పట్టుకుంటుంది. అది చూసి కట్టమ్మ ఒక్క క్షణం ఆగలేదు. వాకిట్లోకి వచ్చి దీపను మంచినీళ్లు తెమ్మంది. ఆమె చేతి చెంబు అందుకుని, వీధిలో అందరూ చూస్తుండగా గటగటా తాగింది. తప్పు నాదే, నా కోడలు బంగారమని గడప గడపకూ పోయి చెప్పింది. కొందరు తలూపారు, కొందరు ఊరికే విన్నారు.

ఆ సాయంత్రం తనే కత్తెర తీసుకుని పచ్చచీర కొంగు ఇంకాస్త కోసింది. అది పట్టుకుని అనూష పక్కన కూర్చుని, మళ్లీ చేయమని బతిమాలింది. పిల్ల అప్పటికే దీప పాత యూనిఫాం ముక్కతో ఇంకో బొమ్మకు చేతులు కుడుతోంది.

"నన్నెందుకే, బాపమ్మనే చెయ్యి. నీకు బాపమ్మంటేనే ఇష్టం గద," అంది దీప.

అనూష తలెత్తలేదు. "బాపమ్మను జేస్తె బాపమ్మకు భయమైతది. మల్ల నిన్ను తిడ్తది," అంది.

కట్టమ్మ గుడ్డముక్కను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆనాడు అత్త అన్న మాటకు ఊరి ముందే గుండెలు బాదుకుని ఏడ్చిన మనిషి. ఇవాళ మనవరాలి ముందు ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.