తలుపు మీదే కన్ను

2023 వేసవి. జంషెడ్‌పూర్ పర్సుడీహ్‌లోని మా ప్రీస్కూల్లో అడ్మిషన్ల సందడి. ప్రీస్కూలంటే పెద్దబడికి ముందు పసిపిల్లలు ఆడుతూ పాడుతూ బడికి అలవాటుపడే చోటు. ఏ పిల్లని చేర్చుకోవాలి, ఏ పిల్లని ఇంకో ఏడు ఆపాలి అని తేల్చేది నేనే. ఏబీసీడీలు అడుగుతాననుకుని తల్లులు రాత్రంతా బట్టీ పట్టించి తెస్తారు. అయ్యో రామా, అవి నేర్పడానికే కదా మేమున్నది! నేను చూసేవి వేరు. ఒంటేలొస్తే చెప్తుందా, నాలుగు మెతుకులు తన చేత్తో తింటుందా, ఇంటివాళ్ళు కనబడకపోయినా కాసేపు ఉండగలదా. ఈ ఆఖరుదాన్ని సెపరేషన్ అంటాం. అది చూడటానికి పిల్లని కొన్నాళ్ళు రోజూ కాసేపు మా దగ్గర కూచోబెడతాం. అదే సెటిలింగ్.

అలా వచ్చింది చిన్ని. మూడేళ్ళు నిండాయి. తండ్రి టాటానగర్‌లో గూడ్సుబండి నడిపే లోకో పైలట్. ఫోనొస్తే ఏ వేళైనా బ్యాగు పుచ్చుకుని పరిగెత్తాల్సిందే. తల్లి సునీతకి ఆస్పత్రి ల్యాబ్‌లో కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఇన్నాళ్ళూ పిల్లని పెంచిన నాన్నమ్మ అప్పలనర్సమ్మ గారు చిన్నకూతురి పురుడికి పలాస వెళ్ళిపోతున్నారు.

"మీరు వద్దంటే నౌకరీ పోయినట్టే మేడమ్," అంది సునీత. "నా చదువంతా బూడిదలో పోసిన పన్నీరే."

ఆమె మొహం చూస్తే సరేననెయ్యాలనిపించింది. కానీ తల్లి ఉద్యోగం కోసం సిద్ధంగా లేని పిల్లని చేర్చుకుంటే ఆ ఏడాదంతా నలిగేది పిల్లే.

చిన్ని ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. గోడకి ఆనుకుని, కళ్ళల్లో వత్తులేసుకుని తలుపు వైపే చూసేది. రంగు దిమ్మలిస్తే వాటిని ముట్టుకోకుండా గబుక్కున తలుపు వైపు తిరిగేది. "అదిగో కాకి!" అంటే పిల్లలంతా కిటికీకేసి చూసేవాళ్ళు, ఇది తలుపుకేసి చూసేది. డబ్బాలో అన్నం డబ్బాలోనే ఉండేది. లాగు తడిసినా లేచేది కాదు. ఇక లాభం లేదు, వచ్చే ఏడు తీసుకురమ్మని సునీతకి చెప్పేద్దామనుకున్నాను. ఎలా చెప్పాలో తెలీక ఆ రోజు గేటు దగ్గరే నిలబడ్డాను.

అప్పలనర్సమ్మ గారు పిల్లని దించి, "అమ్మలూ, అదిగో ఉడత!" అన్నారు. పిల్ల ఉడతని చూడలేదు సరికదా, రెండు గుప్పిళ్ళతో ఆవిడ చీర పట్టుకుంది.

"ఓలమ్మో, ఇది ఉడతకీ పడట్నేదు!" అన్నారు ఆవిడ.

"ఇంట్లోనూ ఇంతేనా?" అన్నాను.

"ఏటి సేత్తాం టీచరమ్మా. మావోడికి డూటీ ఫోనొత్తే ఈ గుంట ఆడి కాళ్ళు సుట్టేసుకుంటాది. బండి మీదకెల్లే మనిసి ముందర ఏడుపు మంచిది కాదు. నాను బొమ్మ సూపిత్తాను, ఆడు ఎనక తలుపునుంచి ఎలిపోతాడు. ఈల్లమ్మ బజారుకెల్లినా అంతే. మా రైల్వే కోటర్ల లైన్లో అందరిళ్ళల్లోనూ ఇదే."

అప్పుడు బోధపడింది నాకు. ఎవరైనా బొమ్మ చూపించారంటే ఎవరో మాయమైపోతున్నారని లెక్క. నేను దిమ్మలిచ్చినా, కాకిని చూపించినా, పాపం ఆ పిల్లకి అదే అర్థం. బడికి తగని పిల్ల కాదది, కాపలా కాస్తున్న పిల్ల.

నాకసలే ముక్కుమీద కోపం. "రేపట్నించి అందరూ చెప్పి వెళ్ళండి. ఏడిస్తే ఏడవనివ్వండి," అన్నాను.

"ఏడిపించి ఎల్మంతారా? బండి మీదున్నోడికి ఏటైనా అయితే?" ఆవిడ మొహం పాలిపోయింది.

ఆ మాటకి నా కోపం చల్లారిపోయింది. కొడుకు మీద భయం అది, కొట్టిపారేస్తే పోయేది కాదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీ అబ్బాయి క్షేమంగా రావాలనే ఈ పిల్లా చూస్తోందమ్మా. వస్తాడని దానికీ చెప్పాలి కదా," అన్నాను. "ఆడికి సెప్పి సూత్తాను," అన్నారు ఆవిడ.

మర్నాడు తండ్రే వచ్చాడు, భుజాన డ్యూటీ బ్యాగుతో. గొంతుక్కూచుని, "చిన్నీ, నాను బండి మీదకెల్తన్నాను. ఇంటికి మామ్మ తీసుకెల్తాది. బండి దిగీసి నానూ వత్తాను," అన్నాడు.

అంతే, చిన్ని ఏడుపుకి వీధి దద్దరిల్లింది! గేటు అవతల అప్పలనర్సమ్మ గారు కళ్ళు మూసుకుని దండం పెడుతున్నారు. పిల్ల నా ఒళ్ళో ఎగిరెగిరి పడుతుంటే, నిజం చెప్పొద్దూ, నేనూ సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాను.

బడి వదిలేవేళకి మామ్మ వచ్చింది. ఆ మర్నాడు, డ్యూటీ దిగి, నూనె మరకల చొక్కాతోనే నాన్న వచ్చాడు. చిన్ని అతని మొహం తడిమి తడిమి చూసింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఏడుపు రోజురోజుకీ తగ్గింది. ఒకరోజు డబ్బా సగం ఖాళీ అయింది. ఇంకోరోజు ఒంటేలొచ్చి "సుసు" అని నా కొంగు లాగింది. ఆ మాటకి అంత మురిసిపోయిన మనిషి జంషెడ్‌పూర్‌లో నేనొక్కదాన్నే అయ్యుంటాను. చేర్చుకుంటున్నానని చెబితే సునీత నన్ను కావలించుకుని ఏడ్చేసింది.

పలాస వెళ్ళేరోజు అప్పలనర్సమ్మ గారు సంచితో బడికొచ్చారు. "అమ్మలూ, నాను ఊరెల్తన్నాను. చిన్నత్తకి పాప పుట్టాక వత్తాను," అన్నారు. ప్రయాణం ముందు ఏడవకూడదన్న మనిషే బొటబొటా కన్నీళ్ళు కార్చేశారు.

ఇప్పుడు ఏ తల్లి వచ్చి "మా పిల్ల బడికి సిద్ధమేనా" అన్నా, ముందు నేనొకటి అడుగుతాను: మీరు పిల్లకి చెప్పి వెళ్తారా, తప్పించుకుని వెళ్తారా?

మామ్మ ఊరెళ్తున్న ఆ రోజు చిన్ని దిమ్మలు పేరుస్తోంది. మామ్మకేసి ఒక్కసారి చూసి, "మత్ రో మామ్మా, ఏడవకు," అంది. "సెప్పీసే ఎల్తన్నావు కదా." మళ్ళీ దిమ్మలవైపు తిరిగింది, తలుపుకి వీపు పెట్టి.