మూడో జవాబు

మాకు కంప్యూటర్ నేర్పిన మిస్ చనిపోయారని పోయిన మంగళవారం గుడియాత్తం నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. నేను వెంటనే నమ్మలేదు. వేలూరులో ఉన్న నా పాత క్లాస్‌మేట్‌కి ఫోన్ చేసి అడిగాను. "అవునే, పొద్దున్నే పోయినారంట" అంది. అప్పుడు కూర్చుని ఏడ్చాను. ఒకరు చెప్పిన మాటని రెండో చోట సరిచూసుకోకుండా తలకెక్కించుకోవద్దని నేర్పింది ఆవిడే. తన చావు కబురుకి కూడా ఆ పరీక్ష పెట్టానని తెలిస్తే మెచ్చుకునేవారు.

విదేశీ కూల్‌డ్రింకు, కేబుల్ టీవీ, కంప్యూటర్ సెంటరు ఇంచుమించు ఒకేసారి మా వైపు దిగిన రోజులవి. నేను గుడియాత్తంలో బస్సెక్కి వేలూరు వెళ్లి సి లాంగ్వేజి నేర్చుకునేదాన్ని. మాది లుంగీలు నేసే ఇల్లు. తమిళనాడులో ఉంటూ తెలుగు మాట్లాడతామే కానీ ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు. నాకీ అక్షరాలు పెళ్లయ్యాక చిత్తూరులో వచ్చాయి.

మిస్‌కి లోకంలో దేని మీదా నమ్మకం లేదు. గది తాళం వేసి మూడుసార్లు గుంజి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి వచ్చి గుంజేవారు. ఎవరైనా ఆంబూరు బిర్యానీ తెస్తే, "ఆంబూరులో కొన్నారా, ఆంబూరని బోర్డు పెట్టిన కొట్లో కొన్నారా?" అని అడిగాకే ముద్ద నోట్లో పెట్టేవారు. మేం ప్రింటు తీసి ఇచ్చిన ప్రతి కాగితం మీదా, అది సరైనదైనా సరే, మూలన ఎర్ర సిరాతో ఒక ప్రశ్న గుర్తు వేసేవారు. ఒళ్లు మండేది మాకు.

మొదటి రోజే ఆవిడ 9, 10 రెండింటినీ కొటేషన్లలో పెట్టి, ఏది పెద్దదని కంప్యూటర్‌ని అడిగారు. అది 9 అంది. క్లాసంతా గొల్లుమని నవ్వాం.

"నవ్వొద్దండమ్మా. అది అబద్ధం చెప్పలా. కొటేషన్లో పెడితే దానికవి అంకెలు కాదు, అక్షరాలు. మొదటి అక్షరం చూసినాది. తొమ్మిది పెద్దా, ఒకటి పెద్దా? అంతే, ఆడికే తీర్పు చెప్పేసింది. ఎవరైనా మీకు వరస పెట్టి ఇస్తే, ఏది చూసి పెట్టినావని ముందు అడగండి."

సి లో ఒక ఈక్వల్ గుర్తు పెడితే విలువని అందులో పడేయమని ఆజ్ఞ. రెండు పెడితేనే, ఇవి రెండూ సమానమేనా అన్న ప్రశ్న. మాలో సగం మంది ఒకటే పెట్టి తిట్లు తినేవాళ్లం. "ఆజ్ఞ ఇచ్చేదానికి అంత తొందరేమ్మా? సందేహపడేదానికి ఇంకో గుర్తే కదా ఖర్చు" అనేవారు.

ఇక అసలు సంగతి. దీన్ని ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

మా వీధి నేతగాళ్ల సంఘానికి పన్నెండు మగ్గం షెడ్లు వచ్చాయి. ముందు చేరినవాళ్లకి ముందు ఇవ్వాలి. చేత్తో రాసిన జాబితాని మా వీధిలో ఒక్కరూ నమ్మలేదు. ప్రతివాళ్ల లెక్కలో అది రాసిన గుమాస్తా ఇంకెవరికో బంధువే. "కంప్యూటర్‌కైతే బావమరుదులుండరు" అని సంఘం పెద్దాయన మా సెంటరుకి పేర్లు, చేరిన తేదీలు పట్టుకొచ్చారు. మిస్ ఆ పని నాకిచ్చారు. ఆ పేర్లలో మా అమ్మ పేరూ ఉంది.

మా అమ్మది గుంట మగ్గం. వాన పడితే గుంటలోకి నీళ్లొచ్చేవి. చెంబుతో తోడి, గోనెపట్టా పరిచి, చెమ్మలోనే కాళ్లు పెట్టుకుని నేసేది. కార్తీకం వచ్చేసరికి ఆ కాళ్లు చూడబుద్ధయ్యేది కాదు. షెడ్డు వస్తే ఆ కాళ్లు ఆరతాయి. నాకు కావలసింది అంతే.

ప్రోగ్రాము నడిపాను. మా అమ్మ పదమూడు. పన్నెండులో మా ఎదురింటి పెద్దమ్మ. ఇద్దరూ సంఘంలో చేరింది ఒకే రోజు. ఇదేమి న్యాయమని కడుపు మండి, కాగితం నలిపి చెత్తబుట్టలో పారేసి మళ్లీ నడిపాను. ఈసారి అమ్మ పన్నెండు, పెద్దమ్మ పదమూడు! ఎందుకు మారిందో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనిపించలేదు. కంప్యూటర్ చెప్పింది కదా అనుకుని ఆ రెండో కాగితాన్నే మిస్ చేతిలో పెట్టాను.

ఆవిడ పైనుంచి కిందికి చూశారు. "మీ అమ్మ దీంట్లో ఉండాదా?"

"ఉండాది మిస్. పన్నెండు."

"ఎన్నిసార్లు నడిపినావు?"

"ఒక్కసారే మిస్."

ఆవిడ నా మొహం వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కుర్చీ లాక్కుని తనే నడిపారు. అమ్మ పదమూడు. మళ్లీ నడిపారు. పన్నెండు.

"రెండు తేదీల్ని పక్కపక్కన పెట్టి అడిగితే ఎన్ని జవాబులమ్మా?"

"రెండు మిస్. ముందు, వెనక."

"మూడోది యాడ పోయింది? రెండూ ఒకటే అయితే?"

నేను గమనించలేదు. ఎడమది పెద్దదైనా, సమానమైనా తారుమారు చెయ్యమని రాశాను. వరస పెట్టిన జాబితాని అదే ఫైల్లో దాస్తున్నాను కాబట్టి నడిపిన ప్రతిసారీ ఆ ఇద్దరూ చోట్లు మార్చుకుంటున్నారు. ఆ 'సమానమైనా' అనే ఈక్వల్ గుర్తు తీసేసినా, జాబితా రాసిచ్చిన గుమాస్తా ఎవరిని ముందు రాస్తే వాళ్లే ముందుంటారు. అందుకని మిస్ ఇద్దరి పేర్లకీ పన్నెండే వెయ్యమన్నారు. "దానికి తెలియని తీర్పుని దాని నోట పలికించొద్దు" అన్నారు.

సంఘం పెద్దాయనకి అనుమానం రానే వచ్చింది. "మొన్న ఫోన్లో పన్నెండుకి ఒకరే అన్నారే మిస్? ఎవరన్నా కావాలని చేసినారా?" అని నా వైపు చూశారు.

"లేదప్పా. సమానమైతే ఏం చెయ్యాలో మేం దానికి చెప్పలా. నేను చూడకుండానే మీకు ఫోన్ చేసినా. తప్పు నాది" అన్నారు మిస్. తాళాన్ని కూడా నమ్మని మనిషి, చూడకుండా ఫోన్ చేశానని చెప్పుకున్నారు. ఆ కాగితం మిస్ చేతిలో పెట్టకముందే, పేరు చెప్పకుండా ఫోన్ చేసింది నేను.

సంఘంలో చెంబులో చీటీలేసి తీశారు. షెడ్డు ఎదురింటి పెద్దమ్మకి వెళ్లింది. మా అమ్మ నాలుగు రోజులు మూతి ముడుచుకుని, చివరికి, "అంత దూరం బస్సెక్కిపోయి నేర్చుకున్నావే, కడాకి చెంబే గెలిచిందా?" అంది. ఇంకో రెండు వానాకాలాలు ఆ గుంటలో నీళ్లు తోడుకున్నాకే ఆమెకి షెడ్డు వచ్చింది. తోడిన ప్రతిసారీ నేను మిస్‌ని తిట్టుకున్నాను. నా అబద్ధం ఆవిడకి తెలుసా, తెలియదా అన్న అనుమానం మాత్రం నన్ను వదల్లేదు. తెలిస్తే ఎందుకు అడగలేదు? తెలియకపోతే ఆ చూపేమిటి? తర్వాత ఎన్నోసార్లు కలిశాను. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. సిగ్గుతో చచ్చినా సరే, చెప్పి ఉండాల్సింది.

కబురు తెలిసిన మూడో రోజు వేలూరులో వాళ్లింటికి వెళ్లాను. మిస్ చెల్లెలు నా పేరు రాసి ఉన్న కాగితాల కట్ట తెచ్చి ఇచ్చారు. "క్లాసులో మీరు చేసినవంట. దీన్నొకదాన్ని మాత్రం అక్క ఇస్త్రీ చేసి పెట్టిండాది, ఎందుకో తెలీదమ్మా."

కట్టలో అన్ని కాగితాల మీదా ఎర్ర ప్రశ్న గుర్తులున్నాయి. ఇస్త్రీ చేసినదాన్ని విప్పాను. ఆ కాలపు ప్రింటరు కాగితాలకి పక్కన ఉండే చిల్లుల అంచు ఇంకా అలాగే ఉంది. ఎంత ఇస్త్రీ చేసినా, చెత్తబుట్టలో పారేసేముందు నేను నలిపిన మడతలు పోలేదు. పన్నెండులో ఎదురింటి పెద్దమ్మ, పదమూడులో మా అమ్మ.

మూలన చూశాను. వెనక్కి తిప్పి చూశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి పట్టి చూశాను. ఆ ఒక్క కాగితం మీద మాత్రం ప్రశ్న గుర్తు లేదు.