పటంలోని రెండో సమాధి

మా ఇంట్లో దయ్యాల మాట ఎత్తితే అమ్మ కసురుకుంటుంది. రోజూ బైబిల్ తెరిచే కొంపలో అవేం మాటలంటుంది. నేను జమ్మలమడుగులో సైన్స్ మాస్టర్ని. దయ్యాన్ని చూశామని చెప్పే పిల్లల్ని లేపి నిలబెట్టి, నాలుగు ప్రశ్నలడిగి నవ్వి పంపేవాణ్ణి. నమ్మకం లేకపోవడమే కాదు, ఆ మాటలంటే నాకు చిరాకు.

మా ముత్తాత మిషన్ బంగళాలో వంటమనిషి. దొర ఇంగ్లాండుకు వెళ్లిపోతూ ఆయనకొక పటం ఇచ్చాడు. రాగిరేకు మీద గీతలు చెక్కి కాగితం మీద అచ్చు తీసిన పాతకాలపు బొమ్మ అది. ఇంగ్లాండులో ఏదో పల్లెలో చర్చి, వెనక జమీందారు మేడ, ముందు గడ్డిలో ఒక సమాధి, దాని మీద రాతి కూజా. నేను పుట్టకముందు నుంచీ అది మా నట్టింట్లోనే ఉంది.

నాన్న పోయాక అలాంటి సమాధే కట్టించమంది అమ్మ. పటాన్ని ఫోన్లో ఫోటో తీసి ప్రొద్దుటూరు మేస్త్రీకి పంపాను. ఈస్టర్ నాడు తెల్లవారకముందే మేమంతా సమాధుల దగ్గర ప్రార్థనకు చేరతాం. ఆలోగా సున్నం కూడా కొట్టి ఇమ్మన్నాను.

పని చూడ్డానికి వెళ్తే నాన్న సమాధి పక్కన చిన్నది ఇంకొకటి కట్టి ఉంది. మేస్త్రీని తిట్టాను.

"పటంలో ఉండేదే కట్టినా సార్. నాకేమన్నా పిచ్చా, ఊరికే ఇటుకలు పేర్చనీకి?" అన్నాడు.

ఇంటికొచ్చి అందరం పటం చూశాం. కూజా ఉన్న సమాధి పక్కన నిజంగానే చిన్నది ఉంది. గడ్డి మీద దాని నీడ గీతలు కూడా ఉన్నాయి. ఇన్నేళ్లూ మనమే గమనించలేదేమో అంది అమ్మ.

నా భార్యకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఎన్నో ఏళ్లకు నిలిచిన కడుపు. "నాకు శానా భయమైతాంది, దాన్ని పగలగొట్టించు" అంది. సమాధిని ముట్టుకోకూడదని అమ్మ అడ్డం పడింది.

"లోపల ఎవురూ లేంది అది సమాధెట్లయితాది అత్తా?"

మేస్త్రీ చేతనే పగలగొట్టించి ఇటుకలు తీయించాను.

పాప పుట్టింది. నెల తిరక్కుండానే జ్వరమొచ్చి పోయింది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు.

మా సమాధుల తోటలో జాగా లేదు. చర్చి సంఘపెద్ద చూపించింది ఆ ఇటుకలు తీసేసిన చోటు. "ఇంగ యాడా లేదప్పా" అన్నాడు తల దించుకుని. అక్కడే పెట్టాం.

ఇంటికొచ్చి పటం వైపు చూశాను. ఒక్కటే సమాధి ఉంది. చిన్నది ఉన్న చోట ఉత్త గడ్డి. మేస్త్రీకి పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. అందులోనూ ఒక్కటే. మేస్త్రీ, అమ్మ, నా భార్య, నేను, నలుగురం రెండు చూశాం. అదెలా జరిగిందో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

మళ్లీ ఈస్టర్ వస్తోంది. పాపకు సమాధి కట్టిద్దామంటే నా భార్య ఒప్పుకోవడం లేదు. "ఆ పొద్దు కట్టింది దానికే. నేనే పగలగొట్టిస్తి" అంటుంది, గోడవైపు తిరిగి పడుకుంటుంది.