నల్ల అక్షరాలు

కళ్ళద్దాల కొట్టాయన ఈగను తోలడానికైనా మొహమాటపడే మనిషి. అలాంటివాడు ఆన్‌లైన్‌లో కుస్తీ లీగు నడుపుతున్నాడంటే ఎవరూ నమ్మరు. అక్కడ తలా ఓ వస్తాదు వేషం కట్టి సవాళ్ళు రాసుకుంటారు. ఎవరి రాత బాగుంటే వాళ్ళు గెలిచినట్టు ఈయన తీర్పు చెబుతాడు. చెప్పేముందు తన అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంటాడు. ఓడినవాళ్ళు అలిగి పోతారు, నాలుగు రోజులాగి మళ్ళీ వచ్చి వాలతారు. ఈయన ఎవరో, ఏ ఊరో వాళ్ళెవరికీ తెలియదు. లీగుకు ఒకటే కట్టుబాటు: వేషం మాట ఎర్ర అక్షరాల్లో, సొంత మాట నల్ల అక్షరాల్లో. "నీ తోలు ఒలిచి ఆరేస్తా" అని ఎర్రగా వస్తే భార్యను పిలిచి మరీ చదివి వినిపిస్తాడు.

నిన్న, అంతవరకూ ఓటమెరుగని 'కాలసర్పం' ఓడినట్టు తీర్పిచ్చాడు. ఇవాళ బేరాల్లేని మధ్యాహ్నం జవాబొచ్చింది. "తీర్పు చూశానండీ. మీ కొట్టు అద్దం తలుపు సరిగ్గా మూసుకోవట్లేదు. కాస్త చూసుకోండి."

"ఏమంటోంది మీ పాము?" లోపల్నుంచి భార్య నవ్వుతూ అడిగింది.

"ఏముందీ, మామూలే. వేషం."

అద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడిచాడు. ఎంత తుడిచినా అక్షరాలు ఎర్రబడలేదు.