మాట విన్న పిల్లాడు

నిన్న మా కడియం కాలువకి నీళ్లు వదిలారు. వేసవంతా ఎండిపోయిన కాలువలో ఎర్రటి కొత్తనీళ్లు పారుతుంటే లేచే మట్టివాసన ఊళ్లో అందరికీ ఇష్టమే. నాకు మాత్రం పడదు. ఆ వాసన తగలగానే సుభద్ర మేడం గుర్తొస్తారు, ఆవిడ వెనకే వాసు గుర్తొస్తాడు.

మేడం మాకు తొమ్మిదో తరగతిలో సైన్సు చెప్పేవారు. పుస్తకంలో బొమ్మ చూపించి ఊరుకునే రకం కాదు. కప్పగుడ్లు చూపించడానికి మమ్మల్ని చేలగట్ల మీద నడిపించేవారు. ఎవరైనా తెలియనిది తెలిసినట్టు చెబితే, "ఏంటమ్మా, చూశావా, ఊహించావా?" అనేవారు. ఆ ఒక్క ప్రశ్నకి క్లాసులో మొనగాళ్లందరూ మళ్లీ చూసిరావడానికి బయటికి పరిగెత్తేవాళ్లు.

ఆ ఏడు వానాకాలం చివర్లో మారేడుమిల్లి కొండల్లో సైన్సు క్యాంపుకి తీసుకెళ్లారు. మేము చూడాల్సిన మొక్కలు వాగు అవతల ఉన్నాయి. మేడం నీళ్లలో కర్ర గుచ్చి కాసేపు చూశారు. మోకాలిలోతే, పెరగడం లేదు, పైన ఆకాశం తేటగా ఉంది. కాలవగట్ల మీద పుట్టి పెరిగినవాళ్లం, నీరంటే మెల్లగా పెరిగేదనే మాకు తెలుసు. ఎక్కడో పైకొండల్లో వాన పడితే ఇక్కడ వాగు ఒక్కసారిగా విరుచుకుపడుతుందని ఆవిడకీ తోచలేదు. "వాసూ, నువ్వు ముందు దిగు నాన్నా" అన్నారు. మాలో బాగా ఈత వచ్చినవాడు వాడే. సగం దూరం వెళ్లాడో లేదో ఎర్రనీళ్లు కొమ్మల్ని దొర్లించుకుంటూ వచ్చేశాయి. మేడం చీరతోనే దూకబోతే బస్సు డ్రైవరు రెక్క పట్టుకుని లాగేశాడు. వాసు మర్నాడు రాళ్ల మధ్య దొరికాడు.

వద్దన్నా వినకుండా దిగాడని స్కూలువాళ్లు వాడి ఇంట్లో చెప్పారు. మాది పక్కిల్లే. వాళ్లమ్మ ఏడవలేదు. "పెద్దవాళ్ల మాట వింటే బతికేవాడివి కదరా" అని రోజూ వాడి ఫోటోని తిట్టేది. గోడ ఇవతల మాకు అన్నం సయించేది కాదు.

పెద్దకర్మ రోజున మేడం వచ్చారు. హెడ్మాస్టరు కళ్లతోనే వారిస్తున్నా ఆగకుండా వాళ్లమ్మ ఎదుట నేల మీద కూర్చున్నారు.

"వాసు మాట విననివాడు కాదమ్మా. దిగమన్నది నేనే. విన్నాడు కాబట్టే దిగాడు."

వాసు నాన్న కొట్టడానికి లేచి, చెయ్యి రాక గోడకి ఆనుకుండిపోయాడు. వాళ్లమ్మ మాత్రం, "నా బిడ్డ మాట జవదాటడని నాకు తెలుసండి" అంటూ మొదటిసారి భోరుమంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "మీరింక మా గడప తొక్కకండి" అంది. మేడం తలూపి లేచి వెళ్లిపోయారు.

ఉద్యోగం పోయింది. కేసు ఏళ్ల తరబడి నడిచింది. ఆవిడ మళ్లీ ఏ క్లాసులోకీ అడుగు పెట్టకుండానే పోయిన ఏడు కన్నుమూశారు. ఆవిడంటే నాకు ప్రేమ, కోపం రెండూ ఇంకా తీరలేదు.

ఇప్పుడు నేనూ సైన్సు టీచర్ని. కొండలకి బయలుదేరే ముందు పిల్లలకి ఈ సంగతి చెబుతాను. మేడం తప్పు కాస్త తగ్గించి చెబుదామని ప్రతిసారీ నోటిదాకా వస్తుంది. అలా చెబితే వాసు మళ్లీ మాట విననివాడైపోతాడు. అందుకే దిగమన్నది మేడమేనని చెబుతాను.